పైడమ్మ మేడం తిట్టని రోజు

నేను పనిచేసే హైస్కూలు వెనక రేకుల షెడ్డు ఉంది. దాని తలుపు తీయగానే చేతులకు రాసుకునే తెల్లపొడి, తుప్పు, చెమట కలిసిన వాసన గుప్పున మీదికొస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం వెన్ను దానంతటదే నిటారవుతుంది, పైడమ్మ మేడం ఎక్కణ్ణించో చూస్తున్నట్టే ఉంటుంది.

ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పింది ఆవిడే. ఒకప్పుడు తానూ పోటీల్లో ఎత్తిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. తిట్టడంలో మాత్రం ఆవిడకి సాటి ఎవరూ లేరు. మోకాలు కాస్త పక్కకి పోయినా, చూపు కిందికి దిగినా చాలు, మేం సాధన చేసే షెడ్డు కప్పు ఎగిరిపోయేది. "ఒసే గౌరీ! కింద ఏటి ఎతుకుతన్నావే? ఎదురుగ్గా సూడు!" ఓసారి మా అమ్మ వెళ్లి, "పిల్ల ఏడుస్తన్నాదమ్మా, కాస్త మెల్లగా సెప్పండి" అని బతిమాలింది. "మెల్లగా సెప్తే ఆ ఇనప బరువు తగ్గుతాదేటి?" అంది మేడం.

పతకమొస్తే క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగం రావచ్చని మా ఇంట్లో ఆశ. నాన్న వరిచేను ఒక ఏడు పండితే ఇంకో ఏడు వరదలో మునిగేది. అందుకే ఇంటిల్లిపాదీ నా మీదే కళ్లు పెట్టుకున్నారు. ఏడాదంతా ఒక్క పూట సాధన మానలేదు. నోరు కట్టేసుకుని మా బావ పెళ్లిభోజనం కూడా వదులుకున్నాను. రాష్ట్ర పోటీల్లో ఆఖరి ప్రయత్నం. బరువుల బార్ తలపైకి వెళ్లింది, అయిపోయిందనే అనుకున్నాను. అంతలో కుడి మోచేతి కీలు తొలగింది. ఇక జన్మలో బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మంచం మీద నా తప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. పట్టు సరిగా లేదా? తొందరపడ్డానా? మేడం వచ్చి చెడామడా తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆవిడొచ్చి, పక్కన కూర్చుని, కమలాపండు వలవడం మొదలుపెట్టింది. ఎంతకీ తిట్టదే!

"తిట్టండి మేడం. ఎక్కడ తప్పు సేసేను?"

"సెయ్యలేదే."

"మరెందుకిలా అయ్యింది?"

"నాకేటి తెలుసు? నువ్వు సెయ్యాల్సిందంతా సేసేవు. నీ తప్పుంటే నాను ఊరుకునేదాన్నా? తిను ముందు."

నోట్లో తొన పెట్టింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా మీద నేనే పెట్టుకున్న కేసుని ఆవిడ కొట్టేసింది. ఆ రాత్రి చాన్నాళ్ల తర్వాత ఒళ్లెరక్కుండా నిద్రపోయాను.

కట్టు విప్పగానే కబురు పెట్టింది, రేపట్నుంచి చిన్నపిల్లలకు నేర్పమని.

"సెయ్యి లెగట్లేదు మేడం."

"నోరు లెగుస్తాది కదా! నాను నేర్పతన్నది దేంతోననుకున్నావు?"

రైల్వే ఉద్యోగం కోసం కుమిలిపోతూ ఇంట్లో కూర్చోవడానికి ఆవిడ నాకు తీరికే ఇవ్వలేదు. అలా మొదలుపెట్టి, తర్వాత చదువుకుని, వ్యాయామ ఉపాధ్యాయినినయ్యాను.

మేడం ఇప్పుడు లేదు. మా పిల్లలెవరైనా ఓడిపోయి వస్తే నేను ముందు తప్పు వెతుకుతాను. దొరికిందా, వాళ్ల పని అయిపోయినట్టే. దొరక్కపోతే పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి తినిపిస్తాను. ఆవిడే లేకపోతే నేను బతుకంతా నన్ను తిట్టుకుంటూనే గడిపేదాన్ని.

నా కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. ఆ చేత్తోనే అన్నం తింటాను, కూతురికి జడ వేస్తాను. దాని మీద నాకు ఏ కోపమూ లేదు.