ముప్ఫై మూడో చెంపదెబ్బ

మా బోగోలు జడ్సన్ బహుముఖ నటుడని పేపర్లో రాసినప్పుడు నేను కాదనలేదు. ఎడమ చెంప మీద, కుడి చెంప మీద, వీపు మీద, అవసరమైతే మెడ మీద కూడా దెబ్బలు తిన్నవాడు బహుముఖుడు కాక ఏమవుతాడు? పద్దెనిమిదేళ్లలో వాడు కానిస్టేబులయ్యాడు, కండక్టరయ్యాడు, తాగుబోతయ్యాడు, పదకొండుసార్లు శవమయ్యాడు. ఏ వేషం వేసినా హీరో వచ్చి ఒకటి తగిలించేవాడు. శవం వేషాల్లో మాత్రమే వాడికి కాస్త మర్యాద దక్కింది.

వాడి మొదటి నాటకంలో నేనూ ఉన్నాను. చర్చిలో క్రిస్మస్ నాటకం, మాకు పన్నెండేళ్లు. నేను యోసేపుని, వాడు సత్రం యజమాని. నాటకం నేర్పింది వాళ్లక్క ఎలిశబెతు. తల్లి పోయాక జడ్సన్‌ను పెంచింది ఆమే, సండే స్కూలు టీచరూ ఆమే, కాబట్టి వాడికి ఇంట్లోనూ చర్చిలోనూ తప్పించుకునే దారి లేదు. వాడి వేషానికి ఉన్నది ఒక్క మాట, "స్థలము లేదు." అది చెప్పి తలుపు వేసుకోవాలి. వాడు తలుపు సగం వేసి, కడుపుకి దిండు కట్టుకున్న మరియమ్మను చూసి జాలిపడ్డాడు.

"స్థలం లేదమ్మా. అయినా టోకెన్ తీసుకోండి, తెల్లారేలోపల ఎవురో ఒకరు ఖాళీ చేస్తారు" అన్నాడు.

చర్చి చర్చంతా నవ్వింది. నేను నవ్వితే నా గడ్డం ఊడి పశువుల తొట్టిలో పడింది. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎలిశబెతక్క నవ్వలేదు. "వాళ్లు నవ్వింది నీ మాటకి కాదురా, నీకు" అని ఆ రోజే వాడితో అంది. ఆ మాట వాడిలో ముల్లులా దిగబడిపోయింది. అక్క ఒక్కసారి తన వేషం చూసి బాగుందనాలి. ఆ తర్వాత వాడు చేసిందంతా దాని కోసమే.

అక్కకు నర్సు ఉద్యోగం వచ్చి సూళ్లూరుపేట వెళ్లింది. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది. అక్కడి నుంచి చెన్నైకి పొద్దుటినుంచీ రైళ్లున్నాయన్న సంగతి ఆమె ఆలోచించలేదు. వాడు క్లాసుకని బయల్దేరి రైలెక్కేసేవాడు. చెన్నైలో తెలుగు డబ్బింగు సినిమాలకు గుంపు అరుపులు అరిచేవాడు. "పట్టుకోండి" అన్న గొంతూ వాడిదే, "అయ్యో పాపం" అన్న గొంతూ వాడిదే. అట్నుంచి అటే హైదరాబాదు వెళ్లిపోయాడు. అక్క మాట్లాడటం మానేసింది. తమ్ముడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే "హైదరాబాదులో ఉన్నాడు" అనేది. మా వైపు ఊరి పేరు చెబితే ఉద్యోగం చెప్పినట్టే కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

వాడు ఊరొచ్చినప్పుడల్లా నాకు చెంపదెబ్బ శాస్త్రం బోధించేవాడు. "చెయ్యి తగలకముందే తల తిప్పాల, సుశీలూ. తగిలినాక తిప్పితే దాన్ని నటనంటారా? నొప్పంటారు." ఇంత విద్య ఎక్కడ నేర్చావురా అంటే చెప్పేవాడు కాదు.

రెండేళ్ల కిందట వాడు స్వతంత్ర దర్శకుడయ్యాడు. అంటే ఎవరూ పిలవని దర్శకుడు. కెమెరా వాడి ఫోనే. శబ్దం మా ఊరి మైకు సెట్టు పెంచల్. పాస్టరు వేషం నేను, ఎందుకంటే అసలు పాస్టరుగారు చర్చీ ఇవ్వలేదు, తనూ రాలేదు. సినిమా పేరు 'నాలుగో వరసలో మూడోవాడు'. చిన్న వేషాల నటుడొకడు చనిపోతే ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. వచ్చినవాళ్లలో ఒక్కరికీ వాడు ఏ సినిమాలో ఉన్నాడో గుర్తురాదు. చచ్చిన నటుడు జడ్సనే, ఫొటోలో ఉంటే చాలు. అలా అది పన్నెండో శవం.

మా క్రైస్తవుల్లో ఆ కూడికలో ఇంటి పెద్ద లేచి పోయినవాళ్ల జీవిత చరిత్ర చదవాలి. పుట్టిన తేదీ, బాప్తిస్మం, ఉద్యోగం, అన్నీ కాగితం మీద రాసుకొచ్చి చదువుతారు. బతికుండగా పలకరించనివాళ్లు కూడా ఆ రోజు వచ్చి చక్కగా చదువుతారు. తర్వాత భోజనాలు.

కూడిక సీనుకి ఒక ఫ్లెక్సీ కావాలి. ఆ పని పెంచల్‌కి అప్పగించారు. పెంచల్ మాసిన గడ్డంతో ఫ్లెక్సీ షాపుకి వెళ్లి, జడ్సన్ ఫొటో, 'ప్రభువునందు నిద్రించిన' అన్న మాట, శనివారం ఉదయం పదకొండు గంటలు, తుఫాను షెల్టరు పక్కన అని రాసిన చీటీ ఇచ్చాడు. షాపు నడిపే హెబ్రోను ఒక్క ప్రశ్న వేయలేదు. చావు పని మీద వచ్చినవాళ్లని గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. పైగా పనిమంతుడు. చావు ఫ్లెక్సీ అంటే ఎప్పుడూ మూడు వేస్తాడు. ఒకటి కూడిక దగ్గర, ఒకటి సెంటర్లో, ఒకటి కావలి రోడ్డు మీద కట్టి, బొమ్మ వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెడతాడు. శుక్రవారం సెంటర్లో దాన్ని చూసి నేనేమనుకున్నాను? సినిమాకి పబ్లిసిటీ బాగుందే అనుకున్నాను.

శనివారం పన్నెండు మంది రావాల్సిన చోటికి మూడు వందల మంది వచ్చారు. పడవలు ఆపుకుని వచ్చారు. అందరికన్నా ముందు ఏడుస్తూ వచ్చిన ముత్యాలయ్య, ఫోను స్టాండు సరిచేస్తున్న జడ్సన్‌ని చూసి నిలబడిపోయాడు.

"బతికే ఉండావా అబ్బయా? సంతోషం" అని, చుట్టూ చూసి, "అయితే భోజనాల్లేవా?" అన్నాడు.

జడ్సన్‌కి మాత్రం పండగే. అడగకుండా జనం దొరికారు. అందర్నీ కూర్చోబెట్టి ఏడవమన్నాడు. వాళ్లు వాణ్ణి చూసి నవ్వడం మొదలుపెట్టారు. "ఎదురుగా నిలబడి ఏడవమంటే ఎట్టరా" అంది చేపలమ్మే గంగాభవాని. అందుకని వాడు ఫోను తీసుకుని దూరంగా షెల్టరు స్తంభం వెనక్కి పోయాడు.

సరిగ్గా అప్పుడు ఆటో ఆగింది. ఎలిశబెతక్క దిగింది. వాట్సాప్‌లో ఆ ఫ్లెక్సీ బొమ్మ చూసి పొద్దుటి నుంచి వాడి ఫోనుకి చేస్తూనే ఉందట. షూటింగు మధ్యలో మోగకూడదని వాడు దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. ఊళ్లో ఇంకెవరికో చేస్తే, "అవునక్కా, సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టినారు" అన్నారు. మా ఊళ్లో ఫ్లెక్సీకి మించిన రుజువు లేదు. రైల్లో కూర్చుని తమ్ముడి జీవిత చరిత్ర రాసుకుంటూ బిట్రగుంటలో దిగింది.

ఎవరినీ చూడకుండా ఫొటో దగ్గరికి వెళ్లి దండ సరిచేసింది. బైబిల్లోంచి కాగితం తీసి మైకు ముందు నిలబడింది. నేను లేచి, "అక్కా, ఒక్క మాట" అన్నాను.

"కూచో సుశీలూ. ఆ పొద్దు గడ్డం ఊడగొట్టుకున్నావు, ఈ పొద్దన్నా కుదురుగా ఉండు."

నలభైకి దగ్గరపడ్డవాణ్ణి, కూర్చున్నాను. నన్ను తిట్టాలంటే తిట్టండి. ఆమె చదివింది.

"నా తమ్ముడు జడ్సన్ కోర్సు పూర్తి చేయలేదు. సినిమాల్లో చేసినాడు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కానీ ప్రతి సినిమాకీ మ్యాట్నీకి పోయినాను, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. వాడు కనబడేది ఒక్క నిమిషం. వాడు పోగానే లేచి వచ్చేసేదాన్ని, మిగతా కథ నాకెందుకు? ముప్ఫై రెండు చెంపదెబ్బలు తిన్నాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న వాక్యాన్ని మా ఇంట్లో పాటించింది వాడొక్కడే. చిన్నప్పుడు నేను చెయ్యెత్తితే ఎట్ట తల తిప్పుకునేవాడో, తెర మీదా అట్టే తిప్పినాడు. సత్రం నాటకం రోజు ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని నవ్వినాను. వాడికి చెప్పలేదు. చెప్పుండాల్సింది."

వాడు బతికున్నాడని తెలిసిన మూడు వందల మందీ ఏడ్చారు. వెక్కి వెక్కి ఏడ్చినవాడు పెంచల్. స్తంభం వెనక ఉన్నవాడు తమ్ముడైతే ఆ క్షణాన పరిగెత్తుకు రావాలి. కానీ అక్కడున్నది దర్శకుడు. అక్క కాగితం మడిచేదాకా ఆగాడు. దానికి నాకు ఇప్పటికీ వాడి మీద కోపమే.

చివరికి బయటికొచ్చాడు, ముఖమంతా కన్నీళ్లే. ఆమె కొయ్యబారిపోయింది. పెంచల్ దూరంగా చేతులు తిప్పుతూ సైగ చేస్తున్నాడు. జడ్సన్ నోట ఏ మాట వచ్చిందో వినండి.

"అక్కా, ఇంకొక్కసారి చదువక్కా. పెంచల్ రికార్డు నొక్కలేదంట."

ఆమె కొట్టింది. జడ్సన్ తల తిప్పలేదు. ఆ చప్పుడుకి డబ్బింగు అక్కర్లేదు. కొట్టిన చేత్తోనే వాణ్ణి దగ్గరికి లాక్కుని, చాలాసేపు వదల్లేదు. "రెండోసారి నువ్వు నిజంగా పోయినప్పుడు చదువుతా" అని కాగితం బైబిల్లో పెట్టేసుకుంది. వచ్చిన జనాన్ని ఉత్త కడుపుతో పంపడమేందని అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది. వడ్డన ముత్యాలయ్యది.

ఫోన్లో బొమ్మ వచ్చింది గానీ శబ్దంలో సముద్రం గాలి తప్ప ఏమీ లేదు. సీను అలాగే ఉంచేశారు. ఎక్కడో ఫిలిం ఫెస్టివల్లో జ్యూరీ దాన్ని చూసి, దుఃఖానికి మాటలు లేవని చెప్పిన సాహసం అని రాసింది. ఆ నిశ్శబ్దం కోసం మూడు నెలలు ఆలోచించానని జడ్సన్ ఇంటర్వ్యూలో చెప్పాడు. రికార్డు బటన్ గురించి పెంచల్‌ని ఎవరూ అడగలేదు.

తర్వాత ఒక సాయంత్రం షెల్టరు గోడకి తెల్లగుడ్డ కట్టి మా ఊళ్లో ఆ సినిమా వేశారు. ఆ సీను వచ్చింది. తెర మీద అక్క పెదవులు కదులుతున్నాయి, గాలి మాత్రం వినిపిస్తోంది. చాప మీద కూర్చున్న ముత్యాలయ్య ఉన్నట్టుండి, "ప్రతి సినిమాకీ మ్యాట్నీకి పోయినాను" అన్నాడు. "కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని" అంది గంగాభవాని. ఆ రోజు విన్నవాళ్లందరూ ఒక్కో మాట అందుకున్నారు. జడ్సన్ తెర చూడటం మానేసి, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అక్కనే చూస్తున్నాడు.

"ముప్ఫై రెండు చెంపదెబ్బలు తిన్నాడు" అన్నారు ఊరంతా ఒక్క గొంతుతో.

"ముప్ఫై మూడు" అంది ఎలిశబెతక్క వెనక్కి తిరిగి. "నాది ఎవురు కలుపుతారు?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, దుప్పటి కప్పుకోకుండా, తమ్ముడి ముందే.