సగం మాత్ర

భర్త తెచ్చిన సుఖవ్యాధికి భార్య ఒక్కతే మందు మింగితే ఆ ఇంట్లో జబ్బు పోతుందా, చెప్పండి?

పాతపట్నంలో మా పక్కింటి లారీ డ్రైవరు భార్య నిండు గర్భిణి. ఆసుపత్రిలో తనకిచ్చిన ప్రతి మాత్రనూ గోటితో విరిచి, సగం మింగి, సగం భర్తకిచ్చేది.

"సగం మందుతో ఇద్దరికీ తగ్గదమ్మా. అతన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లు," అన్నాను.

"మావ రాడు బాబూ. ఎవులైనా సూస్తే పరువు పోద్దంతన్నాడు. నా కడుపులోది సూసుకోవాల, ఆడి పరువూ నేనే మొయ్యాల," అని నవ్వింది.

బిడ్డ చనిపోయి పుట్టింది.

తర్వాత ఒకరోజు అతని చొక్కా ఉతకబోతుంటే జేబులోంచి ఆ సగాలన్నీ రాలాయి. అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది.

"ఒక్కటీ మింగనేదు బాబూ."

అయ్యా, మీలో ఎవరికైనా ఆ జబ్బు గుర్తులుంటే రేపు పొద్దున్నే భార్యతో కలిసి ఆసుపత్రి వరసలో నిలబడండి. ఇద్దరూ పూర్తి మందు మింగండి.