నా పేరు మీది పాయింట్ టూ టూ

ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి కనుక, మొన్న నేను కూడా నా రైఫిలును దాని సంచిలో పెట్టి, జిప్పు లాగి, భుజానికి తగిలించుకుని, స్కూటీ మీద వరంగల్ బజార్ల మధ్యలోంచి స్టేషనుకు పోయాను. అక్కడ బెంచీ మీద నాకంటే ముందు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురూ మీసాలవాళ్ళే. నా వంతు వచ్చాక, కొత్తగా బదిలీ మీద వచ్చినట్టున్న కానిస్టేబుల్ నా వెనుక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసి, “సార్ రాలేదా మేడం? లైసెన్స్ ఎవరి పేరు మీదుంటే వాళ్ళే రావాలె” అన్నాడు. “నా పేరు మీదనే ఉంది” అన్నాను. ఆయన నా లైసెన్సు పుస్తకంలో ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు. రసీదు రాసి ఇచ్చేటప్పటికి నా మొహం ఎప్పటిలాగే ఎర్రబడిపోయింది గానీ, ఆ మాట మాత్రం తడబడకుండానే అన్నాను. ఆ ఒక్క మాట అనగలగడానికి నాకు ఎంత కాలం పట్టిందో ఇంటికి వచ్చాక గుర్తుకొచ్చింది.

నా ఈడువాళ్ళలో డిగ్రీలో ఎన్‌సీసీ తీసుకున్నవాళ్ళకు ఆ క్యాంపులు జ్ఞాపకముండే ఉంటాయి. నేను చేరింది దేశభక్తితోనూ కాదు, ధైర్యంతోనూ కాదు. క్లాసులో నలుగురి ముందు లేచి నిలబడి జవాబు చెప్పలేని పిల్లను, మధ్యాహ్నం భోజనాల వేళ కూడా లైబ్రరీలో ఒక మూల కూర్చుని, చదివిన దానిలో నచ్చింది డైరీలో రాసుకునే పిల్లను, కవాతులో అయితే అందరూ ఒకే మాట అంటారు కాబట్టి నా గొంతు విడిగా వినబడదని చేరాను. అట్లాంటిదాన్ని ఒక రోజు ఊరి బయట గుట్ట కింద బోర్లా పడుకోబెట్టి, చేతిలో పాయింట్ టూ టూ రైఫిలు పెట్టారు. చిన్న తూటా, చిటికెన వేలి గోరు కంటే సన్నం; దాని అడుగున అంచు మీద సూది తగిలితే పేలుతుంది. భుజానికి దెబ్బ తెలియదు, చప్పుడు కూడా ఎండిన కొమ్మ విరిగినంతే. మొదటి గుండు వదిలి తల ఎత్తితే చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నన్ను చూడడం లేదు, అందరూ నేను కొట్టిన కాగితాన్ని చూస్తున్నారు. మాట్లాడకుండా నలుగురిలో నిలబడగలిగే చోటు ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది.

నా చెయ్యి వణకకపోవడం చూసి మా ఎన్‌సీసీ మేడం ఆశ్చర్యపోయింది గానీ, అందులో వింత లేదు. మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. కొన్న గిన్నెల మీద పేరు వెయ్యడం మా దుకాణాల్లో ఆనవాయితీ, ఆ సూది మిషను పట్టుకుని పేర్లు వేసే పని చిన్నప్పటి నుంచీ నాది. ఊపిరి బిగబట్టి, బిందె మెడ మీద చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి, ఒక్క చుక్క జారినా ఆ బిందె ఉన్నన్నాళ్ళూ వంకర పేరు అట్లాగే ఉండిపోతుంది. కొనడానికి వచ్చేది ఆడవాళ్ళే, బేరం చేసేదీ మోసుకుపోయేదీ వాళ్ళే, కానీ వేయించే పేరు మాత్రం ఇంటాయనది. మగని పేరు నోటితో అనకూడదని పక్కనున్న పిల్లలతో చెప్పించేవాళ్ళు. ఒకసారి ఒకామెను, అక్కా, నీ పేరేంది, అదే వెయ్యనా అని అడిగితే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, “నా పేరు ఎవలకు కావాలె బిడ్డా” అన్నది. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

డిగ్రీ అయిపోయి ఖాకీ బట్టలు తిరిగి ఇచ్చేశాక, నాకు రైఫిలు కావాలని ఇంట్లో చెప్పాను. ఆ వారం మా ఇంట్లో జరిగిన గలాటా చెప్పనలవి కాదు. మా మేనత్త ప్రతి ఆదివారం వచ్చేది, ఆ ఆదివారం పొద్దున్నే వచ్చింది. “చీపురు పట్టరాదు గని తుపాకి పడ్తదట! పెళ్ళిచూపులకు వచ్చినోళ్ళను ఏడ నిలబెట్టి కాలుస్తవే?” అని గడపలోంచే మొదలుపెట్టింది. ఎప్పుడూ ఆడపడుచు మాటకు ఎదురు చెప్పని మా అమ్మ, వంటింట్లోంచి తల కూడా బయటికి పెట్టకుండా, “పట్టనీయి వదినా. మనం పట్టిన చీపుర్లు మనల్ని ఏం ఉద్ధరించినయి?” అన్నది. అత్త టీ తాగకుండానే వెళ్ళిపోయింది, అది మా ఇంటి చరిత్రలో ఎప్పుడూ జరగలేదు.

మా బాపు అరవలేదు. ఆయన వ్యాపారి, ఏ వస్తువైనా ఇంట్లోకి వస్తున్నదంటే దానితో ఏం పని అవుతుందో చూస్తాడు. రెండు రోజులు ఆలోచించి, రైఫిలు వద్దు, రివాల్వర్ తీసుకుందాం, దుకాణానికి కాపలాగా ఉంటుంది, లైసెన్సు తన పేరు మీద ఉంటుంది, నేను ఎప్పుడన్నా కావాలంటే తన వెంట వచ్చి కాల్చుకోవచ్చు అన్నాడు. ఆయన దృష్టిలో అది ఎంతో ఉదారమైన బేరం. అది కాకపోతే లైసెన్సు అక్కరలేని గాలి తుపాకీ కొనుక్కో, ఎవరి పేరూ ఉండదు, గొడవ ఉండదు అని ఇంకో మెట్టు దిగాడు. గాలి తుపాకీ చెడ్డదని కాదు, ఎందరో మంచి షూటర్లు దానితోనే మొదలుపెట్టారు. కానీ నేను పట్టి చూసింది పాయింట్ టూ టూ, నాకు కావలసిందీ అదే. దానికి కాగితం మీద పేరు తప్పదంటే, ఆ పేరు నాదే అయి ఉండాలి. నేను ఆయనతో వాదించలేదు, నాకు వాదించడం రాదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుంది కనుక, ఇరవై ఒకటి నిండగానే దరఖాస్తు నా పేరు మీదే పెట్టి, పెట్టానని ఇంటికి వచ్చి చెప్పాను.

బాపు నాతో మాట్లాడడం మానేశాడు. ఆ రోజుల్లోనే విచారణకు హెడ్ కానిస్టేబుల్ దుకాణానికి వచ్చాడు. నేను లోపల మిషను దగ్గర ఉన్నాను. ఆయన గల్లా ముందు కుర్చీలో కూర్చుని, “బిడ్డకు తుపాకి ఏంటికి సేఠూ?” అని బాపునే అడిగాడు. కోపంలో ఉన్న బాపు కాగితాల్లోంచి తల ఎత్తకుండా, “నన్నడుగుతరేంది, దరఖాస్తు దానిది, దాన్నే అడుగుండ్రి” అన్నాడు. నేను మిషను ఆపి ముందుకు వచ్చాను. కొనేవాళ్ళు నలుగురున్నారు, అందరూ బేరం ఆపి ఇటే చూస్తున్నారు.

“ఏంటికమ్మా?”

“గురి చూసి కొట్టెటందుకు.”

“దేన్ని?”

“కాగితాన్ని.”

“కాగితాన్ని కొట్టెటందుకు గింత కథనా!” అని ఆయన నవ్వాడు, దుకాణమంతా నవ్వింది. నేను నవ్వలేదు. “అవును సార్, గింతనే. అదే రాసుకోండ్రి” అన్నాను. రేపు పెళ్ళయి పోతే ఈ లైసెన్సు ఏమవుతుందని అడిగాడు. చిరునామా మారుతుంది సార్, పేరు మారదు అన్నాను. ఆయన నవ్వడం మానేసి రాసుకున్నాడు. గొంతు వణికిన సంగతి నాకు తెలుసు, కానీ వణికిన గొంతుతో చెప్పినా మాట మాటే.

లైసెన్సు రావడానికి చాలా కాలం పట్టింది, ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టుకోలేదు. చేతికి వచ్చిన వారం హైదరాబాదులో ఒక పాత తుపాకుల దుకాణానికి బయలుదేరితే, మాట్లాడని బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండులో నా పక్కన వచ్చి నిలబడ్డాడు. సామాను కొనేటప్పుడు ఇంటి పిల్ల మోసపోకూడదు కదా.

ఆ దుకాణదారు తెల్లగడ్డం పెద్దాయన, సౌమ్యంగా రైఫిళ్ళు ఒక్కొక్కటే గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. అప్పుడు మా బాపు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. ప్రతి రైఫిలునూ రెండు చేతుల మీద ఎత్తి బరువు చూసి, దాని గొట్టాన్ని వేలి ఉంగరంతో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నాడు. ఇత్తడి మంచిదో కాదో మావాళ్ళు చూసేది అట్లాగే, బరువూ మోతా. పెద్దాయన కాసేపు ఓర్చుకుని, “క్యా సేఠ్, హండా కొంటున్నరా, బందూక్ కొంటున్నరా?” అన్నాడు. బాపు ఏమీ సిగ్గుపడకుండా ఇంకోదాని ట్రిగ్గరు టక్కుమని లాగాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపి, “ఖాలీ కొట్టొద్దు సేఠ్, సూది పోయి గొట్టం అంచుకే తగుల్తది, ఖరాబైతది” అని బతిమాలాడు. అయినా సరే, బాపు తేల్చేశాడు: లావు గొట్టం ఉన్న పెద్ద రైఫిలు, అన్నిటికంటే బరువైనది. ఇచ్చిన పైసలకు ఇంత మాలు వస్తుంటే సన్నదాన్ని ఎవరైనా కొంటారా అని ఆయన వాదన. కొంచెం ఎక్కువైనా మిగతాది తానే వేస్తానన్నాడు.

నేను దాన్ని తీసుకుని నిలబడి గురి చూశాను. ఎడమ చెయ్యి కొద్దిసేపటికే దిగిపోయింది. భుజానికి ఆనించే చెక్క దస్తా కూడా నా చేతికి పొడుగు. మోచేతి మడతలో దస్తా పెట్టుకుంటే నా వేలు ట్రిగ్గరుకు అందడం లేదు. బల్ల చివర, పాలిష్ పోయి గీతలు పడిన పాతది ఒకటుంది, ఒక్కసారికి ఒక్క తూటానే పట్టేది, దస్తా ఎవరో ఎప్పుడో కోయించి పొట్టి చేసింది. గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి లోపలికి చూస్తే అద్దంలా మెరుస్తోంది, మచ్చ లేదు. లైబ్రరీలో చదివి డైరీలో రాసుకున్నది అంతే: పైన గీతలు చూడకు, లోపల చూడు, నీ చేతికి అందుతుందో లేదో చూడు. నేను కొనగలిగిన ధర కూడా దానిదే. ఇది ఇయ్యండి అన్నాను. బాపు పెద్దాయన ముందే, “గది తుక్కు కింద కూడ ఎవడు కొనడు బిడ్డా” అన్నాడు. “నేను కొంటున్న బాపూ” అన్నాను. బస్సులో వరంగల్ దాకా మా ఇద్దరి మధ్య సీట్లో అది పడుకుని వచ్చింది.

నిజం చెప్పాలంటే, బాపు చెప్పిన దాంట్లో సగం సరైనదే. బరువైన రైఫిలు ఊగదు. చెయ్యి దానికి అలవాటుపడితే గురి నిలుస్తుంది, దస్తా కోయిస్తే సరిపోయేది. నేను చేరిన షూటింగ్ క్లబ్బు తరఫున రాష్ట్ర పోటీలకు ఎంపిక జరిగిన రోజు గాలి వీచింది, నా సన్న రైఫిలు ఊగింది, నాకు కొద్దిలో తప్పిపోయింది. పక్క వరసలో లావు గొట్టం రైఫిలుతో కొట్టిన అమ్మాయి ఎంపికైంది. చూసేవాళ్ళ కోసం కట్టిన తాడు అవతల నిలబడిన బాపు, “చెప్తే విన్నవా?” అన్నాడు. వినలేదు, మళ్ళీ కొనడానికి పోయినా వినను అన్నాను. ఆయన నా రైఫిలు సంచి అందుకుని నడిచాడు.

ఇప్పుడు హన్మకొండలో షూటింగ్ నేర్చుకునే ఆడపిల్లలను చూస్తుంటాను. వాళ్ళకు కోచ్‌లే చేతులు కొలిచి రైఫిలు చెప్తారు, తండ్రులు సంచులు మోస్తారు, గుండు ఎక్కడ తగిలిందో తెర మీద అంకె వస్తుంది. ఎందుకని వాళ్ళను ఎవరూ అడగడం లేదు, అడగకూడదు కూడా. మా కాలంలో అడిగినందుకే నాకు ఇంకా కోపం. వాళ్ళు నాకంటే ఎంతో బాగా కొడుతున్నారు. అది చూస్తే కడుపు నిండుతుంది, ఎక్కడో కొంచెం ఖాళీగానూ ఉంటుంది. అందులో ఒక పిల్ల ఈ మధ్య నా రైఫిలు చూసి, దాని కథ విని, అక్కా, మొదట్లోనే ఆ బరువైనది తీసుకోవాల్సింది కదా, మెడల్ వచ్చేది అన్నది. వచ్చేదేమో. కానీ ఆ దుకాణంలో నేను తల ఊపి ఊరుకుని ఉంటే, ఆ మెడల్ తెచ్చినది బాపు బేరమే అయ్యేది. నేను నేర్చుకున్నది నా గురి నేనే చూసుకోవడం. తగిలినవి కొన్నే, అవి నావి. తప్పినవి చాలా ఉన్నాయి, వాటిని కూడా ఇంకెవరి పేరు మీదా రాయను.