ఎలిజబెత్ సిస్టర్ సాక్ష్యం

మాచర్లలో ఎలిజబెత్‌ని బయటివాళ్ళెవరూ పేరు పెట్టి పిలవరు. నర్సింగ్ హోంలో నర్సు కాబట్టి సిస్టర్, ప్రార్థన మందిరంలో విశ్వాసి కాబట్టి అక్కడా సిస్టరే. పదహారేళ్ళుగా ఒకే చోట పని. ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని పేరు. నోరు మాత్రం కాస్త కటువు. బీపీ మాత్రలు మానేసి వచ్చిన ముసలివాళ్ళని ఆమె తిడుతుంటే, డాక్టరుగారే గదిలోంచి బయటికి రావడానికి జంకేవారు.

అలాంటి మనిషికి ముప్పై ఎనిమిదో ఏట ఐర్లండ్ పిచ్చి పట్టింది. పిచ్చి అనకూడదు గానీ చుట్టాలు అలాగే అన్నారు. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. అక్కడి ఆసుపత్రివాళ్ళు ఫోనులోనే ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఖాయం చేశారు. అక్కడ పనిచేయడానికి పర్మిట్ వచ్చింది. ఇక మిగిలింది వీసా. హైదరాబాదు వెళ్ళి కాగితాలన్నీ ఇచ్చి వచ్చి ఐదు నెలలైంది. ఫోనులో దరఖాస్తు నంబరు కొట్టి చూస్తే పరిశీలనలో ఉందని రోజూ అదే మాట. కళ్ళు కాయలు కాశాయి.

ఆమెకున్న ఆధారం ప్రార్థన. డ్యూటీకి బయల్దేరే ముందు మోకరించి, వీసా ఇప్పించమని సూటిగా అడిగేది. అడిగాక మనసు తేలికపడేది. ఆ తేలికతోనే రోజు గడిచేది.

చిక్కు ఆదివారం సాక్ష్యాల దగ్గర వచ్చింది. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ చెప్పవచ్చు. అడిగింది దొరికిందనే నమ్మాలని, రాలేదని నోటితో అనడమే అవిశ్వాసమని పాస్టరుగారు చెబుతుంటారు. ఆ రోజు పాటలకు ఒళ్ళు పులకరించి ఎలిజబెత్ మైకు అందుకుని, "ఐర్లండ్ వీసా పొందుకున్నాను, దేవునికి స్తోత్రం" అంది. మందిరమంతా హల్లెలూయ అంది. విశ్వాసుల నోట అది రాబోయేదాని మాట. ఊళ్ళోకి వచ్చేసరికి అయిపోయినదాని మాటగా మారింది.

పక్కింటి సైదాబీ అత్త కారప్పొడి డబ్బా తెచ్చిచ్చి, చలి దేశమంట కదా, జాగ్రత్త అని కళ్ళు తుడుచుకుంది. మందిరానికి వచ్చే ఆయా ఆ వార్తను నర్సింగ్ హోంకి మోసింది. వారం తిరిగేసరికి ఎలిజబెత్ కుర్చీలో బిందు అనే కొత్తమ్మాయి కూర్చుని ఉంది. డాక్టర్ త్రికోటేశ్వరరావుగారు గదిలోకి పిలిచి, రిలీవింగ్ లెటర్ టైపు చేయించానని, తేదీ ఒక్కటే మిగిలిందని అన్నారు.

ఎలిజబెత్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వచ్చిందంటే అబద్ధం. రాలేదంటే అవిశ్వాసం. నమ్మకంతో చెప్పానని గొణిగింది.

"నమ్మకం మంచిదేనమ్మా. తేదీ ఏం వెయ్యమంటావ్?" అన్నారాయన.

ఆమె గోడ మీది క్యాలెండరు వంక చూసింది. చివరికి, "ఇంకా రాలా సార్" అంది.

ఆయన నవ్వలేదు. తమ వాళ్ళు పని అయ్యాకే కోటప్పకొండ తిరునాళ్ళకు మొక్కు ప్రభ కడతారని, ఈమె ముందే కట్టేసిందని మాత్రం అన్నారు. కాగితం సొరుగులో పెట్టి, ఈ సంగతి తన దగ్గరే ఉంటుందని, వీసా వచ్చేదాకా ఉండి బిందుకి పని నేర్పమని చెప్పారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎలిజబెత్‌కి గుర్తు రాకపోలేదు. తన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని, ఆ పిల్లకి నరం వెతకడం నేర్పుతుంటే అవమానంగానే ఉంది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. ఆమెకు ప్రార్థన రావడం మానేసింది. మోకరించేది, నోరు తెరిచేది, ఆగిపోయేది. పొందుకున్నానని మైకులో చెప్పాక మళ్ళీ ఇప్పించమని ఏ ముఖంతో అడుగుతుంది? స్తోత్రం అని లేచేది. గుండెలో బరువు గుండెలోనే ఉండేది. వీసా రాకపోయినా ఓర్చుకోగలదు గానీ, దేవుణ్ణి అడగలేకపోవడం ఓర్చుకోలేకపోయింది.

భర్త సుధాకర్ విత్తనాల కొట్లో గుమాస్తా, నిదానస్తుడు. ఇంకెవరికీ చెప్పవద్దని, నేడో రేపో వస్తే ఆమె మాటే నిజమవుతుందని సర్దిచెప్పాడు. లోకం తెలిసిన సలహా. మూడు ఆదివారాలు ఆ సలహా పట్టుకునే ఆమె నోరు మెదపలేదు. నాలుగో ఆదివారం వల్ల కాలేదు.

ఆమె లేచేసరికి ప్రయాణం తేదీ చెబుతుందనుకుని పాస్టరుగారు నవ్వుతూ మైకు అందించారు.

"నాకు వీసా రాలా" అంది ఎలిజబెత్. "వచ్చుద్దన్న నమ్మకంతోనే వచ్చిందని చెప్పాను. ఆ మాట అన్నకాడి నుంచి నాకు అడగటం చాతకావట్లా. నాకు మళ్ళీ అడగాలని ఉంది."

ఎవరూ హల్లెలూయ అనలేదు. పాస్టరుగారు తల దించుకున్నారు. సుధాకర్ మగవాళ్ళ వైపు కూర్చుని చాప పుల్లలు గిల్లుతున్నాడు.

అప్పుడు వెనక నుంచి దీనమ్మ లేచింది. మూడేళ్ళ కింద మోకాళ్ళ నొప్పులు పోయాయని సాక్ష్యం చెప్పిన ముసలావిడ. అందరూ చాపల మీద కూర్చుంటే ఆమె ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. అది అందరూ చూస్తూనే ఉన్నారు, ఎందుకని ఎవరూ అడగలేదు.

"నా మోకాళ్ళు కూడా తగ్గలా అయ్యగారూ" అంది. "చెబితే మీరు చిన్నబోతారని ఊరుకున్నా."

పాస్టరుగారు చెడ్డవాడు కాదు. ఆయన కూడా పొందుకున్నానని చెప్పి ఇంకా అందనివి ఎన్ని మోస్తున్నారో ఎవరికి తెలుసు. "అయితే అందరం మళ్ళీ అడుగుదాం" అని ఆయనే ముందు మోకరించారు.

ఎలిజబెత్ దీనమ్మ దగ్గరికి వెళ్ళింది. మూడేళ్ళు నొప్పి దాచుకున్నందుకు చెవిలోనే నాలుగు చీవాట్లు పెట్టి, రేపే వచ్చి ఎక్స్‌రే తీయించుకోమంది. ఆ తరవాత ఆ కుర్చీ పక్కనే మోకరించి, నెల రోజులకు మళ్ళీ దేవుణ్ణి అడిగింది. ముందు దీనమ్మ మోకాళ్ళ కోసం అడిగింది. తన వీసా కోసం ఆ తరవాత అడిగింది.