నీటికుక్క మీద వేసిన నింద

ఇన్నేళ్ళూ మోసిన బరువు ఒకటుంది నాకు. దాని పేరు నీటికుక్క. నవ్వొస్తే నవ్వండి.

ఉద్యోగం నుంచి రిటైరయి ఉదయగిరిలో హాయిగా ఉన్నాను. పొద్దున కొండ గాలి, ఇంటావిడ చేతి కాఫీ, మధ్యాహ్నం ఒక కునుకు. ఏ లోటూ లేదు. ఇంత హాయి నాకు తగునా అని మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అప్పట్లో ఆత్మకూరు వైపు ఏటి మీద ఒక చిన్న కరెంటు కేంద్రంలో ఆపరేటర్‌ని. నీళ్ళలో మునిగి తిరిగే టర్బైన్ చక్రం ముందు, చేపలు లోపలికి పోకుండా ఇనుప జాలీ ఉండేది. దానికి గంటకోసారి నాచు పట్టేది. గీకలేక ఒకరోజు జాలీ పైకెత్తి పెట్టేశాను. బద్ధకం. ఇంకే కారణమూ లేదు.

వారానికల్లా, దిగువన వలవేసే చెంచయ్య సగం మలుగు పట్టుకుని వచ్చాడు. ఏట్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోయే పాములాంటి చేప అది. పొడుగు కాబట్టే చక్రానికి చిక్కుతుంది.

“ఏంది సార్, అన్నీ నడిమికి తెగొస్తాండాయి. మీ చక్రమేనా కోసేది?”

“కాదులే చెంచయ్యా, నీటికుక్క కొరికుంటాది.”

ఏట్లో ఈదుతూ చేపలు పట్టి తినే జంతువు కదా, నింద అతుకుతుందనుకున్నాను. జాలీ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని భయం. ఆయన నమ్మాడు. నాలుగు రోజులకు ఉచ్చు పన్ని, ఒక నీటికుక్కను చంపి చూపించడానికి తెచ్చాడు. పాలిచ్చే తల్లి. ఆ రోజే జాలీ దించాను. అది పశ్చాత్తాపమా, మళ్ళీ ఎవరూ అడగకుండా పడిన జాగ్రత్తా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఒక్కోరోజు ఒక్కో జవాబొస్తుంది.

తెగిన చేపలు రావడం ఆగిపోయింది. నీటికుక్క పోయింది, మలుగులు బతికాయని చెంచయ్య ఊరంతా నన్ను మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అక్కడ నీటికుక్క కనపడితే ఎవరూ వదల్లేదు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. ఆయన తెచ్చిచ్చిన చేపలు మాత్రం తిన్నాను. రుచిగానే ఉన్నాయి.

ఇప్పటికీ ఆత్మకూరు పోతే నాకు మంచి చేపలు ఏరి సంచిలో వేస్తాడు.

నా పేరు రాయలేదు. ఆయన పేరు మార్చాను. ఆయనకు చదువు రాదు, రోజూ ఈ పేపరు కూతురు చదివి వినిపిస్తుంది. నీటికుక్క అన్న మాట దగ్గరికొచ్చేసరికి నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. క్షమించమని అడగడం లేదు. ఈసారి సంచి ఖాళీగానే తిరిగి రావచ్చు.

అది నీటికుక్క కాదు చెంచయ్యా, నేను. ఇంత చిన్న మాట. రాసేసరికి ప్రాణం తేలికపడింది.