దేవునికి మొక్కిన కోడి

మా రెండో బిడ్డకు రెండేళ్లు నిండకముందే తమ్ముడు పుట్టాడు. దానికి పాలు మాన్పించి జొన్న గంజి పట్టాను. కొన్ని నెలలకు చెంపలు, పాదాలు నిండుగా కనబడితే ఒళ్లు చేసిందనుకుని స్తోత్రం చెప్పాను. తర్వాత కడుపు ఉబ్బింది. నవ్వడం మానేసింది. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. వాపు మీద పప్పు పెట్టొద్దని మా అత్త కట్టడి చేసింది. తాండూరులో కందులు పండించే ఇంట్లో బిడ్డకు పప్పు లేకుండా పోయింది.

రైలెక్కి వికారాబాద్ దవాఖానకు పోయాం. డాక్టరమ్మ బిడ్డ కుడి డొక్క కింద వేళ్లతో తడిమి, "కాలేయం పెరిగింది. నిండా కొవ్వు పట్టింది" అంది.

అత్త ఊరుకోలేదు. "మా ఇంట్ల నెయ్యి మొకం ఎవరు చూసిన్రు డాక్టరమ్మా? కొవ్వు యాడికెల్లి వచ్చె?"

"గంజి నుంచే వచ్చింది. గూడ్సు బండి రాకుంటే మీ తాండూరు స్టేషన్ల బస్తాలు పేరుకపోవా? గట్లనే. లోపల తయారైన కొవ్వును బయటికి మోసేటందుకు కాలేయానికి పప్పు, పాలు, గుడ్డు కావాలె. ఒట్టి గంజి మీదనే ఉంచితే బిడ్డ దక్కదు."

అక్కడ పది దినాలు పాలు పట్టి, ఇంటికి పోయినంక రోజూ గుడ్డు పెట్టమని పంపింది.

గుడ్లు ఇంట్లోనే ఉన్నాయి. కానీ వాపు తగ్గాలని నేనే నల్లకోడిని దేవునికి మొక్కుకున్నాను. దాని గుడ్లన్నీ ఆదివారం చర్చిలో కానుక బుట్టలోకి పోయేవి. మొక్కు తప్పితే ఏమవుతుందోనని అత్తను వెంటబెట్టుకుని పాదిరిగారి దగ్గరికి పోయాను.

ఆయన నవ్వారు. "బైబిల్ల చనిపోయిన పిల్లను లేపినంక ఏసు ప్రభువు మొదలు ఏం చెప్పిండమ్మా? తిననీకి పెట్టమన్నడు. కానుక పెట్టమనలే. పో, ఉడకబెట్టు."

"నా కోడలు దేవునికే తినవెడ్తున్నది, బిడ్డను మరిచింది" అని అత్త దారంతా దెప్పింది. పప్పు వద్దన్నది ఆమే. ఆ సాయంత్రం పప్పులో గుడ్డు మెదిపి పెట్టింది ఆమే.

వాపు దిగింది. వాపు కింద ఎంత బక్కగా ఉందో చూసి ఏడ్చాను. తర్వాత మెల్లగా కండ పట్టింది. ఒక ఆదివారం కానుక బుట్ట నా ముందుకు వస్తే వేయడానికి ఏమీ లేదు. బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. అది నా చెవికమ్మ పట్టి లాగి, గట్టిగా నవ్వింది.