గంపల జాగ

కొత్త బస్సులు వస్తున్నాయన్న కబురు నాకు మొదట తెచ్చింది డ్రైవర్ యాకూబ్ చిచ్చా. అది పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండకాలం. వరంగల్, హనుమకొండ, కాజీపేటల మధ్య నడిచే టౌన్ బస్సుల ఆఫీసులో, ట్రాఫిక్ సెక్షన్‌లో నేను జూనియర్ గుమాస్తాను. డిపో మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. చిచ్చా డ్యూటీ దిగి, బండి తాళంచెవి అప్పగించడానికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "బిడ్డా, మన ముసలోళ్లు కండెం అయిండ్రు" అన్నాడు. మనుషులెవరికో ఏదో అయిందనుకున్నాను. ఆయన చెప్పింది బస్సుల సంగతి.

కండెం అంటే బండి ఇక రోడ్డుకు పనికిరాదని వర్క్‌షాప్ ఫోర్‌మన్ తేల్చడం. ఇంజను, చాసిస్, బ్రేకులు అన్నీ విడివిడిగా చూసి, బాగుచేయించినా లాభం లేదనుకుంటే బానెట్ మీద సుద్దతో అడ్డగీత కొట్టేవాడు. మా బండ్లు పాత సర్కారు కాలంనాటివి, కర్ర బాడీలు. వానొస్తే లోపల గొడుగులు విప్పేవారు. ఎత్తు ఎక్కేచోట కండక్టర్ దిగి, బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి ఒక రాయి చేతపట్టుకొని పక్కన నడిచేవాడు. ఇవి పోయి కొత్తవి వస్తాయంటే ఊరంతా సంతోషపడింది. నేనూ పడ్డాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన వరంగల్‌లో బట్టల దుకాణం నడుపుతూనే, పొద్దున పూజ అయినంక నాకు తెలుగు, ఉర్దూ, కొంత ఇంగ్లీషు ఇంట్లోనే నేర్పాడు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను. మా ఆయన పోయిన తర్వాత ఆ నాలుగక్షరాలే నాకు అన్నం పెట్టాయి. రోజూ దీపం పెట్టేటప్పుడు అమ్మవారికి, మా నాయనకు, నాకు ఉద్యోగమిచ్చిన పాత మేనేజర్ గారికి పేరుపేరునా దండం పెట్టుకునేదాన్ని. ఎవరి మేలూ మరిచేదాన్ని కానని మనసులో కొంత గర్వం కూడా ఉండేది.

కొత్త మేనేజర్ గారు బెజవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మంచి మనిషి. బాడీలు హైదరాబాదులో కట్టిస్తున్నారనీ, సీట్ల నక్షా ఖాయం చేసేముందు ఆడవాళ్ల అవసరాలేమిటో తెలియాలనీ చెప్పి, కొన్నాళ్లు పాత బండ్లలో తిరిగి చూసి రమ్మని నన్ను పంపించారు. ఆడగుమాస్తా మాటకు విలువిచ్చిన ఆఫీసరు ఆ రోజుల్లో అరుదు. ఆయన పేరూ నా దీపం దగ్గర చేరింది.

పాత బండి ఎట్లా ఉండేదో చెప్పాలి. డ్రైవర్ వెనక పర్దా కట్టిన భాగం జనానా, అంటే ఆడవాళ్లది. దాని వెనక గోడల పొడుగునా రెండు బల్లలు, మగవాళ్లకు. చివర, వెనక తలుపు దగ్గర, బల్ల లేని ఖాళీ నేల. కూరగాయలవాళ్లు గంపలు దింపేది అక్కడే. దాన్ని అందరం గంపల జాగ అనేవాళ్లం. ప్రతి స్టాపులో కండక్టర్ బండిలో బరువెంతో డ్రైవర్‌కు తెలిసేటట్టు కేక వేసేవాడు: "జనానా రెండు, బల్ల నాలుగు, గంప మూడు, రైట్." ఎత్తు ఎక్కే ముందు డ్రైవర్‌కు ఆ కేక చాలా అవసరం.

నేను పర్దా వెనక, మా బజారు, అంటే మా వీధి, ఆడవాళ్ల నడుమ కూర్చొని తిరిగాను. గాలి ఆడదన్నారు, పర్దా వాసన అన్నారు, మెట్టు ఎత్తన్నారు. అన్నీ గుర్తుపెట్టుకున్నాను. వెనక నుంచి రాజలింగం కేకలు వినబడుతూనే ఉన్నాయి. రాజలింగం చిచ్చా బండి కండక్టర్, హుషారు మనిషి, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఖిలా వరంగల్ దగ్గర ఆగినప్పుడల్లా "గంప రెండు" అనో "గంప మూడు" అనో అరిచేవాడు. పర్దా తొలగించి వెనక్కి చూడాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

తిరిగి వచ్చాక మేనేజర్ గారు తన గదిలో ఏం చూశారని నన్ను అడిగారు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరూ, రాజలింగమూ అక్కడే ఉన్నారు. పర్దా తీసేసి, ముందు వరుసలకు ఆడవాళ్లవని బోర్డు పెడదామన్నాను. ఒప్పుకున్నారు. మెట్టు కిందికి దించాలన్నాను. రాసుకున్నారు.

"మరి ఈ గంపలు? ఎక్కడ ఎక్కువ ఎక్కుతాయి?"

"ఖిలా దగ్గర సార్. పొద్దటి బండికి గంపలు లేని రోజు ఉండదు."

"గంపల కోసం అంత చోటు పాడుచేయడమెందుకు? అక్కడా సీట్లు వేయిద్దాం. టాపు మీద కటకటాలు, వెనక నిచ్చెన పెట్టిస్తే గంపలు పైకెక్కుతాయి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. విన్న మాటకు తగ్గ పనే చెప్పారు. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. రాజలింగం ఏమీ అనలేదు. నేనూ అనలేదు. గంప అన్న మాట మా ముగ్గురికీ పుట్టినప్పటి నుంచీ తెలుసు కదా.

కొత్త బండి వానలు మొదలయ్యాక వచ్చింది. డిపోలో కొబ్బరికాయ కొట్టి, బానెట్‌కు పసుపు రాసి, మొదటి ట్రిప్పుకు ఖిలా నుంచి హనుమకొండ పోయేటట్టు పెట్టారు. మేనేజర్ గారు స్వయంగా ఎక్కారు. మా బజారు ఆడవాళ్లను నేనే పిలిచాను. మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, పట్టుచీర కట్టుకొని వచ్చి ముందు సీట్లో కూర్చొని, "మా సరోజన కట్టించిన బండి" అని పక్కవాళ్లతో చెబుతోంది. నేను వద్దనలేదు.

ఖిలా స్టాపులో రాజలింగం కొత్త ఆర్డరు ప్రకారం కేక అందుకున్నాడు. "గంపలు టాపు మీదికి! గంపలు టాపు మీదికి!" ఒక కూరగాయలామె తన గంప పైకి అందించి లోపలికొచ్చింది. అంతలో కోటగోడ వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అప్పటి మాటలో హరిజనవాడ అనే వాడ నుంచి. హనుమకొండలో ఒక దవాఖానలో సఫాయి పనికి పోయేవాళ్లు. వాళ్ల చేతుల్లో గంపలు లేవు. వెనక తలుపు దగ్గర తొంగిచూశారు. రోజూ కూర్చునే నేల లేదు, దాని మీద సీట్లున్నాయి. రాజలింగం అలవాటు కొద్దీ వాళ్లతోనూ అదే అన్నాడు. "గంపలు టాపు మీదికే."

ఇద్దరిలో పెద్దామె వాని ముఖం వంక ఒక క్షణం చూసింది. చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. నిచ్చెన మీద కాలు పెట్టింది. చిన్నామె ఆమె వెనకాలే ఎక్కింది.

లోపల నవ్వులు లేచాయి. "పైన గాలి మంచిగొస్తది" అన్నారెవరో. యాకూబ్ చిచ్చా ఇంజను ఆపేశాడు. దిగి వెనక్కి వచ్చి, దిగమని బతిమాలాడు. "టాపు మీద మనిషుంటే బండి కదిలిచ్చుడు లేదు బిడ్డా, రూలు."

"మనిషేడున్నది చిచ్చా?" అంది పెద్దామె పైనుంచి, కొంచెం కూడా నవ్వకుండా. "ఇన్నేండ్ల సంది మేం గంపలమే గద. గంపలు పైకన్నరు, ఎక్కినం. ఇంక పోనీ."

చిన్నామె ఆమె కొంగు గుంజుతూ, దిగుదామనీ, మేస్త్రి హాజరి తీసుకుంటాడనీ, ఇంకోసారి లేటయితే నీ జాగలో వేరేదాన్ని పెడతానన్నాడు కదా అనీ గొణుగుతోంది. ఆమె కదలలేదు.

మేనేజర్ గారు దిగారు. గంపలు లేకుండా వీళ్లెందుకు ఎక్కారని ఇన్‌స్పెక్టర్‌ను అడిగారు. ఆయన టైరు వంక చూశాడు. రాజలింగం టికెట్ల సంచి సర్దుకున్నాడు. కిటికీల్లోంచి మా బజారంతా చూస్తోంది. ఆ గుంపులో సంగతి తెలియనిది ఆయన ఒక్కరికే. చివరికి నా వైపు తిరిగారు.

"సార్, మా దగ్గర గంపలంటే వీళ్లు కూడా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు.

"ఎవరూ పక్కన కూర్చోనియ్యని వాళ్లు సార్. ఆ నేల మీద కూర్చుంటారు. కండక్టర్లు వాళ్లను గంపలనే లెక్క చెప్తారు."

"మరి మీరు నాకు చెప్పిన గంపలు?"

"వీళ్లే సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్లకు టికెట్ ఎంతని రాజలింగాన్ని అడిగారు. అందరికీ ఉన్నంతేనని చెప్పాడు. "అయితే సీటూ అంతే" అని, ఆ ఇద్దరినీ అమ్మా అని పిలిచి దిగమన్నారు.

వాళ్లు లోపలికి రాగానే మా పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమెను చూసి మిగతావాళ్లు లేచారు. హనుమకొండ దాకా, బండి కుదుపులకు ఒకరి మీద ఒకరు పడుతూ, నిలబడే వచ్చారు గానీ కూర్చోలేదు. పెద్దామె ఖాళీ అయిన సీటు అంచున, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అందరూ చూస్తున్నారని తెలుసు. మంచిపని చేస్తున్నాననీ అనుకున్నాను. అప్పుడే నా చెయ్యి, దానంతట అదే, నా చీర కొంగును ఒళ్లోకి తీసుకుంది. మడి పాటించే ఇంట్లో పుట్టిన చెయ్యి. ఆమె చూసింది. కిటికీ వైపు జరిగి, నాకు ఇంకొంచెం చోటిచ్చింది.

తర్వాత వెనక సీట్లో ఉన్న చిన్నామెతో అంది: "ఇయ్యాల గంపకు సీటు దొరికింది పిల్లా. పేరు గూడ ఎవలన్న అడిగితే పండుగే."

అడిగాను. కొమురమ్మ అని చెప్పింది.

మేము చేరేసరికి దవాఖానలో హాజరి అయిపోయింది. మేస్త్రి చిన్నామెను ఉంచుకొని, కొమురమ్మను పంపించేశాడని మర్నాడు చిచ్చా చెప్పాడు. నేను పోయి మేస్త్రితో మాట్లాడి ఉండవచ్చు. దారి బారెడు కూడా లేదు. పోలేదు.

మేనేజర్ గారు కండక్టర్లందరికీ నోటి ఆర్డరు ఇచ్చారు. ఎక్కినవాళ్లను సీట్ల లెక్కనే పిలవాలి, గంప అంటే గంపే అయి ఉండాలి. పెద్దమ్మ నాతో చాలా కాలం మాట్లాడలేదు. నా దీపం మటుకు రోజూ వెలిగింది. పేర్లు చదువుతూ పోతే ఎక్కడో నాలుక తడబడేది.

చలికాలంలో ఒకరోజు ఖిలా స్టాపులో కొమురమ్మ కనిపించింది. నెత్తి మీద టమాటల గంప. కోట లోపలి చేన్ల నుంచి తెచ్చి హనుమకొండలో అమ్ముతోందట. బండి ఆగగానే గంప దింపి రాజలింగం చేతుల్లో పెట్టి, స్టాపంతా వినేటట్టు అంది: "ఇగో తమ్మీ, అసలు గంప. జర మంచిగ చూసుకో. ఇది పైకి, నేను లోపలికి." రాజలింగం తల వంచుకొని నిచ్చెన ఎక్కాడు. ఆమె వచ్చి ఈసారి సీటు నిండా కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. నా చేతులు రెండూ ముందు సీటు కడ్డీ మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాను. అవి వాటంతట అవి ఏం చేస్తాయో అప్పటికి నాకు తెలుసు.

సూపరింటెండెంటునై రిటైరయ్యాను. ఆ ఉద్యోగం నాకు నేర్పింది చిన్న సంగతే. ఆఫీసులో అందరికీ తెలిసిన మాట ఉంటే, దాని కింద ఏముందో లేచి పోయి కళ్లతో చూడాలి, ఆ తర్వాతే పైవాళ్లకు చెప్పాలి. సామాను అని నా బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా, సామాను చూడనిదే నేను సంతకం పెట్టలేదు.

దీపం దగ్గర ఆమె పేరు చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఖిలా నుంచి హనుమకొండకు ఎప్పుడైనా బస్సెక్కితే, సీట్లో కూర్చున్న తర్వాత, కొమురమ్మను ఒకసారి తలుచుకోండి. పేరు పెట్టి తలుచుకోండి.